టీచరుగారి చూరు

మా ఊళ్ళో ఎవరైనా పోతే మొదటి కబురు చుట్టాలకి వెళ్తుంది, రెండోది నాకొస్తుంది. షామియానాలు, కుర్చీలు, వంటసామాను అద్దెకిచ్చేవాడిని కదా, నాకు బాధపడే తీరిక ఉండదు. పోయినవాళ్ళ ఇంటిముందు జాగా ఎంతుంది, కరెంటు స్తంభం ఎటువైపుంది, గునపం దిగే నేలేనా అనుకుంటూ బయల్దేరతాను. టీచరుగారు పోయారని ఫోనొచ్చిన రోజు మాత్రం జాగా సంగతి తట్టలేదు. ఫోను పెట్టేసి కొట్లో నిలబడి, చెయ్యి పైకెత్తి, కప్పు రేకు కింద తడుముతున్నాను. ఏంటి వెతుకుతున్నావని మా ఆవిడ అడిగింది. అది నా అలవాటు కాదు. టీచరుగారిది.

పేరు రాయను. రాసినా మా ఊళ్ళో సగంమందికి ఎవరో తెలీదు. ఊళ్ళో మిగతా పంతుళ్ళంతా లెక్కల మాష్టారు, హిందీ మేడంగారు, కొత్తగా వచ్చిన సోషలాయన. ఒట్టి టీచరుగారంటే మాత్రం ఈవిడే. మండపేట వెళ్ళే కాలవగట్టు పక్కన, వాళ్ళ నాన్నగారిచ్చిన జాగాలో తాటాకు పాక వేసి బడి నడిపేవారు. మా ఊరి సర్కారు బడి అయిదుతో అయిపోతుంది. ఆరూ ఏడూ చదవాలంటే ఆ పాకే. ఏడో తరగతి కామన్ పరీక్ష రాయాలంటే ఆ పాకకున్న గుర్తింపే ఆధారం. అది గట్టెక్కితే మండపేట హైస్కూలు, లేకపోతే రైసుమిల్లు. నేను ఈ రెండిటికీ మధ్యలో షామియానాలోకి జారిపోయాను.

ఆవిడ పొడగరి. పాక చూరు కిందకి ఉండేది. అంచేత ఆవిడకి బీరువా అక్కర్లేకపోయింది. సుద్దముక్క, ఎర్రసిరా పెన్ను, కళ్ళజోడు, మధ్యాహ్నం వేసుకునే వక్కపలుకు, వానాకాలమైతే గొడుగు, అన్నీ చూరులో తాటాకు సందుల్లో దోపేవారు. పాఠం చెప్తూ చెప్తూ చెయ్యి పైకెత్తేవారు, కన్నెత్తి చూడకుండా. కావలసిన వస్తువు చేతిలోకి వచ్చేది. కళ్ళజోడు కావాలనుకుంటే వక్కపలుకు రావడం నేనెప్పుడూ చూడలేదు. కొత్తగా చేరిన పిల్లలు ఆ పాకే ఆవిడకి అందిస్తోందనుకునేవారు.

మా దగ్గర లాక్కున్న సరుకంతా కూడా అక్కడికే. బొంగరాలు, గోళీల సంచులు, పంగలకర్రలు, సినిమా పాటల పుస్తకాలు, ఒకసారి ఎవడిదో బతికున్న తాబేలుపిల్ల. (దాన్ని మాత్రం కాలవలో వదిలారు.) కొట్టడం, తిట్టడం లేదు. "పైన ఉంటుంది" అనేవారు, అంతే. ఏడు పాసై వెళ్ళేరోజు ఎవడిది వాడికిచ్చెయ్యడం రూలు. పాసైన ఆనందంలో సగంమంది మర్చిపోయేవారు, తప్పినవాళ్ళు మొహం చాటేసేవారు. అలా పేరుకుపోయింది. రెండు మూడేళ్ళకోసారి కప్పు కొత్తగా నేయించేటప్పుడు కూడా పాత ఆకు తియ్యనిచ్చేవారు కాదు, దాని మీదే కొత్తది పరిపించేవారు. తీస్తే పిల్లల సామాను చెదిరిపోతుందట. చివరికి ఆ పాక ఆవిడకంటే పెద్ద కొప్పుతో కనపడేది.

మమ్మల్ని పేర్లతో పిలిచేవారు కాదు. కూర్చున్న చోటుతో పిలిచేవారు. నేను మూడో బల్ల. మీసాలొచ్చి, పెళ్ళయి, ఇద్దరు పిల్లలు పుట్టినా మూడో బల్లే. మా ప్రెసిడెంటుగారికి రైసుమిల్లుంది, రెండు లారీలున్నాయి, ఆయన కారు దిగితే నలుగురు లేచి నిలబడతారు. ఆవిడ మాత్రం నడిబజారులో "ఏరా, మొదటి బల్ల ఎడమ చివర, ఒంట్లో బావుందా?" అనేవారు. ఆయన చేతులు కట్టుకుని "ఆయ్, బావుందండి" అనేవాడు. అప్పుడు ఆయన పక్కనున్న నలుగురూ కాలవలోకి చూసేవారు.

నా సరుకు సంగతి చెప్పాలి. మా మేనమామ బస్సు కండక్టరు. ఆయన జేబులోంచి ఒక ఈల కొట్టేసి బడికి తెచ్చాను. టీచరుగారు బోర్డువైపు తిరిగి గోదావరి ఉపనదులు రాస్తుంటే ఊదాను. బస్సు ఆగినట్టు క్లాసంతా ముందుకి తూలింది. ఆవిడ తిరగలేదు. కుడిచేత్తో శబరి అని రాస్తూనే ఎడంచెయ్యి వెనక్కి చాపారు, అరచెయ్యి పైకి. నేను లేచి వెళ్ళి ఈల అందులో పెట్టాను. "పైన ఉంటుంది" అన్నారు, రాయడం ఆపకుండా.

ఆ ఏడాది సగంలో, అప్పటికి ఈ షామియానాల కొట్టు నడుపుతున్న మా నాన్నకి నడుం పట్టేసింది. పెళ్ళిళ్ళ రోజులు. నేను బడి మానేసి ట్రాక్టరు మీద గంగాళాల మధ్య కూర్చుని ఊళ్ళు తిరగడం మొదలెట్టాను. ఒకరోజు కాలవగట్టు మీద ట్రాక్టరు ఆగింది. ముందు ఆవిడ, గొడుగేసుకుని, దారికి అడ్డంగా. అయిపోయాననుకున్నాను. ఆవిడ గంగాళాన్ని చూపించి, ఇందులో వండితే ఎన్ని బంతుల భోజనాలు లేస్తాయని అడిగారు. చెప్పాను. పెళ్ళివారు బియ్యం తక్కువిస్తేనో అన్నారు. దానికీ చెప్పాను. ఆవిడ తలూపి, పక్కకి తప్పుకుని దారిచ్చారు. ట్రాక్టరు కదిలాక వెనకనించి వినపడింది. "నీది పైనే ఉందిరా."

అంతే. బడికి రమ్మని ఎప్పుడూ అనలేదు. నేను కనపడినప్పుడల్లా, సంతలో అయినా, ఎవరి పెళ్ళి పందిట్లో అయినా, ఆ ఒక్క మాట అనేసి వెళ్ళిపోయేవారు. నేను నవ్వేవాడిని.

ఇదంతా పాత సంగతి. అసలు సంగతి తమిళనాడులో బడి పాక అంటుకుని పిల్లలు పోయిన ఏడాదిది. టీవీలో అందరం చూశాం, చూడలేక కట్టేశాం. ఆ వెనకే ఉత్తర్వులొచ్చాయి. తాటాకు, గడ్డి కప్పుల కింద తరగతులు నడపకూడదు, నడిపితే గుర్తింపు పోతుంది. మండల విద్యాధికారి స్కూటరు మీద వచ్చారు. మర్యాదస్తుడు. టీచరుగారిచ్చిన కాఫీ తాగుతూ, పైకి చూడకుండా చెప్పారు, తన చేతిలో ఏమీ లేదని, నిజ శ్రావణం వచ్చేలోపు మళ్ళీ వస్తానని.

"అప్పటికి ఇక్కడ తాటాకు కనపడకూడదండి" అన్నారు.

"కనపడకూడదా, ఉండకూడదా?" అన్నారు టీచరుగారు.

ఆయన కాఫీలోకి చూసుకుంటూ "ఉండకూడదండి" అన్నారు.

ప్రెసిడెంటుగారికి మాత్రం మొదటి మాటే బాగా నచ్చింది. సాయంత్రం నా కొట్టుకొచ్చారు. సిమెంటు రేకులు ఇప్పటికిప్పుడు ఎక్కడినించి తెస్తాం, పాక దింపేస్తే బడి ఆగిపోతుంది, ఆగినా గుర్తింపు పోతుంది, ఏడో తరగతి పిల్లలు పరీక్షకి కూర్చోలేరు, మిల్లులో బస్తాల దగ్గర తేల్తారు. అంచేత కప్పు కింద గుడ్డ కట్టేద్దాం, అధికారి పైకి చూస్తే తెల్లగా కనపడుతుంది, సంతకం పెట్టి వెళ్ళిపోతాడు అన్నారు. నేను ఇంకో అడుగు ముందుకేశాను. ఒట్టి గుడ్డేంటండి, పెళ్ళిమంటపానికి కట్టినట్టు కుచ్చిళ్ళు పెట్టి, మధ్యలో పువ్వు తిప్పుతాను, ఆయన ఇది బడన్న సంగతి మర్చిపోయి అక్షింతలు వేసి వెళ్తారు అన్నాను. ఇద్దరం చాలా ముచ్చటపడ్డాం.

మర్నాడు గుడ్డ, తాళ్ళు వేసుకుని వెళ్ళాం. క్లాసు జరుగుతోంది. నేను దూలం కొలుస్తుంటే టీచరుగారు సుద్దముక్క చూరులో దోపి, ప్రెసిడెంటుగారు చెప్పిందంతా విన్నారు. విని నావైపు తిరిగారు.

"ఈ గుడ్డ అంటుకుంటుందా?"

"ఇన్ని పెళ్ళిళ్ళు చేయించానండి, ఇప్పటిదాకా అంటుకోలేదు. పెళ్ళయ్యాక వాళ్ళలో వాళ్ళు ఎంత రాజుకున్నా మన పూచీ లేదండి."

నా హాస్యాలకి ఆవిడ కాస్త ఆలస్యంగా నవ్వుతారు. అందరూ నవ్వడం అయ్యాక, ఇంకో మాటలో పడ్డాక, అప్పుడు. నేను ఆగి చూశాను. ఆ రోజు నవ్వు రాలేదు. పిల్లలవైపు తిరిగారు.

"పాక అంటుకుందనుకోండి. బయటికి వెళ్ళండి చూద్దాం."

పిల్లలకి పండగ. ఒక్క గావుకేక పెట్టి లేచారు. పాకకి చుట్టూ దడి, గేదెలు దూరకుండా ఒకటే గుమ్మం. గుమ్మం బయట చెప్పుల కుప్ప. చదువుకునే చోటికి చెప్పులతో ఎవడొస్తాడు మా ఊళ్ళో? మొదట బయటపడినవాడు వంగి చెప్పులు వెతుక్కున్నాడు. రెండోవాడు వాడి మీద పడి, లేచి, వాడూ వెతుక్కున్నాడు. అన్నీ నీలం పట్టీల హవాయి చెప్పులే. నాదంటే నాదని తగువు. వాళ్ళ వెనక మిగతా బడంతా గుమ్మంలో బిరడాలా ఇరుక్కుపోయి, కదల్లేక, ఒకళ్ళనొకళ్ళు గిల్లుకుంటూ నవ్వుతోంది. మేమూ నవ్వాం. ప్రెసిడెంటుగారైతే పొట్ట పట్టుకున్నారు.

టీచరుగారు గుమ్మం పక్కన నిలబడి చూస్తున్నారు. అందరూ వచ్చేశారనుకున్నాక లోపల ఇంకో అలికిడి. పల్లెపాలెం పిల్ల, ఆరో తరగతి. వాళ్ళ నాన్న లాకుల దగ్గర చేపలమ్ముతాడు. గుమ్మం దాకా వచ్చిన పిల్ల మళ్ళీ వెనక్కి వెళ్ళింది. బల్ల కింద దూరి, చెప్పులు తీసుకుని, గుండెకి హత్తుకుని అప్పుడొచ్చింది. తీర్థంలో కొన్న కొత్తవి. కుప్పలో వదిలితే మారిపోతాయని లోపల దాచుకుంది.

"వెనక్కెందుకు వెళ్ళావే?" అన్నారు టీచరుగారు.

"కొత్తయ్యండి" అంది ఆ పిల్ల, చెప్పులు చూపిస్తూ.

ఆవిడ ఆ చెప్పులవైపు చూశారు. అలవాటుగా చెయ్యి చూరుకి వెళ్ళింది. ఈసారి ఏ వస్తువూ రాలేదు. గుప్పెడు తాటాకు పట్టుకుని లాగారు. ఏళ్ళనాటి దుమ్ము ఆవిడ జుట్టు మీద పడింది.

"దింపించెయ్" అన్నారు ప్రెసిడెంటుగారితో.

ఆయన నవ్వు మధ్యలో ఆగిపోయింది. మరి పిల్లలెక్కడ కూర్చుంటారండి, బడి ఆగితే గుర్తింపు సంగతేంటండి అన్నారు. ఆవిడ నావైపు చూశారు.

"మూడో బల్ల దగ్గర గుడ్డలున్నాయిగా. లోపల కాదురా, బయట కట్టు. నాలుగు పక్కలా తెరిచి కట్టు. పరదా ఒక్కటి కూడా వద్దు."

అదృష్టం ఏంటంటే ఆ ఏడు అధిక శ్రావణం వచ్చిపడింది. ముహూర్తాలు లేవు, నా షామియానాలు కొట్లో ఎలకలకి పడకలై ఉన్నాయి. తెచ్చి కాలవగట్టు మీద కట్టాను. వానొస్తే పైన బరకం. సాంబారు మరకల కింద ఆరో తరగతి, పసుపు మరకల కింద ఏడో తరగతి. దారిన పోయేవాళ్ళు సైకిళ్ళు దిగి పెళ్ళెవరిదని అడిగేవారు. ఇంగ్లీషుదండి, మనవాళ్ళకి కుదరట్లేదండి అనేవాడిని. టీచరుగారు దీనికి మర్నాడు నవ్వారు.

పాక దింపిన రోజు ఊరంతా వచ్చింది. ఆకు పొర లాగిన కొద్దీ సామాను రాలింది. గోళీలు వానలా పడ్డాయి. బొంగరాలు, దువ్వెనలు, పీచు మిగిలిన బంతులు, తుప్పు పట్టిన సైకిలు గంట మూత. ఆవిడ కింద చాప పరిపించి అన్నీ వరసగా పేర్పించారు. మనవలున్నవాళ్ళు కూడా ఆ చాప చుట్టూ గొంతుక్కూర్చుని, నాది, కాదు నాది అని మొదలెట్టారు. బొంగరాల దగ్గర ఇద్దరు పెద్దమనుషులు మాట్లాడుకోవడం మానేసేదాకా వెళ్ళింది.

ప్రెసిడెంటుగారు ఒక పంగలకర్ర తీసి పట్టుకున్నారు. ఇది నీదని ఎలా తెలుసని టీచరుగారు అడిగారు. రబ్బరు మా నాన్న సైకిలు ట్యూబుదండి, కోసినందుకు నన్ను చితకబాదాడండి అన్నారాయన, ఆ రబ్బరు సాగదీసి చూస్తూ. అది పుటుక్కున తెగింది. అయినా జేబులో పెట్టుకోబోయారు.

"ఆగు. ఏడు పాసైననాడు తీసుకోవలసింది. ఇప్పుడు ఊరికే ఎలా ఇస్తాను? రేకు తెచ్చి పట్టుకెళ్ళు."

ఆ మాట చాప చుట్టూ తిరిగింది. సరుకు కావలసినవాడు రేకు తేవాలి. తేకపోతే పరువు పోతుంది, ఎందుకంటే ఎవడి బొంగరం ఏదో అప్పటికే అందరూ చూసేశారు. ప్రెసిడెంటుగారు మిల్లు ఊక షెడ్డుకి తెప్పించుకున్న రేకులు లారీలో పంపారు. ఒకాయన గేదెల కొట్టం విప్పాడు. ఇంకొకాయన కోళ్ళగూటి మీదది తెచ్చాడు, రెట్టలతో సహా. సిమెంటువి, ఇనపవి, యానాం నించి ఎవడో పట్టుకొచ్చిన ఆకుపచ్చ ప్లాస్టిక్కుది. దడి నాలుగు వైపులా కోయించి, నాలుగు గుమ్మాలు పెట్టించారు. నేను మాత్రం నిజ శ్రావణం తరుముకొస్తోందని, పెళ్ళివాళ్ళు గుమ్మంలో కూర్చున్నారని పొద్దున్నా సాయంత్రం వెళ్ళి గుర్తు చేస్తున్నాను. ఆవిడ ఊ అనేవారు.

పెళ్ళివాళ్ళకి షామియానా విప్పి ఇచ్చిన రోజునే విద్యాధికారి స్కూటరు వచ్చింది. కప్పు వేశారు గానీ ఒక్క రేకు తగ్గింది. ఆ కన్నం సరిగ్గా టీచరుగారి కుర్చీ మీద. పిల్లలందరూ రేకుల కింద, ఆవిడ ఒక్కరే కన్నం కింద గొడుగేసుకుని కూర్చుని పాఠం చెప్తున్నారు. అధికారి ఈసారి పైకి చూశారు. గొడుగుని చూశారు. ఇదేంటండి టీచరుగారూ అన్నారు.

"తాటాకు కాదుగా" అన్నారావిడ.

ఆయన నవ్వి, సంతకం పెట్టారు. ఆ ఏడు పిల్లలు పరీక్ష రాశారు. తగ్గిన రేకు ఎవరిదని అడుగుతారా? ఆ చాప మీద నా ఈల కూడా ఉంది. నేను రేకు తెచ్చుకుని మర్నాడు వెళ్ళి చెయ్యి చాపాను, ఆవిడ ఒకప్పుడు చాపినట్టే, అరచెయ్యి పైకి. ఆవిడ రేకు తీసుకుని ఈల ఇవ్వలేదు.

"ఇది నాకు పనుంది" అన్నారు.

ఆ పని ప్రతి శనివారం వినపడేది. పాఠం మధ్యలో, చెప్పకుండా, ఈల. పిల్లలు పుస్తకం ఎక్కడిదక్కడ వదిలి, చెప్పుల కుప్ప దాటి, వట్టికాళ్ళతో కాలవగట్టు మీద వరసగా నిలబడాలి. ఎవరైనా వంగితే ఆవిడ ఒకటే మాట. "చెప్పులుంటాయి. మీరు రండి." వంగినవాడి కోసం మళ్ళీ మొదట్నించీ. మొదట్లో ఊరంతా నవ్వింది. శనివారం ఈల వినపడగానే నా కొట్టు ముందు కూర్చున్నవాళ్ళు టీ గ్లాసులు వదిలి రోడ్డు మీదకి పరిగెత్తి వేళాకోళం చేసేవారు. ఏళ్ళు గడిచాక నవ్వడం కూడా మానేశారు. అదొక శనివారం, అంతే.

రేకుల కప్పు ఎత్తు. చూరు లేదు, సందులు లేవు. అయినా ఆవిడ చెయ్యి పాఠం మధ్యలో పైకి వెళ్ళేది. ఏమీ తగలక కాసేపు అక్కడే ఆగేది. తర్వాత మెల్లగా కిందకి దిగి, జుట్టు సర్దుకున్నట్టు నటించేది. సుద్దముక్కలు పెట్టుకోడానికి నేనొక చెక్కపెట్టె చేయించి ఇచ్చాను. దాన్ని మెచ్చుకుని, అందులో ఏం పెట్టారో మర్చిపోయేవారు.

టీచరుగారి పెద్దకార్యం ఆ బడి ఆవరణలోనే పెట్టారు. ఆవిడ తమ్ముడి కొడుకు రాజమండ్రి నించి వచ్చి అన్నీ చూసుకున్నాడు. పడమటెండ భోజనాల మీద పడుతోంది, పరదాలు కట్టించండి అన్నాడు. కట్టనండి అన్నాను. ఏం, లేవా అన్నాడు. ఉన్నాయండి, టీచరుగారు వద్దన్నారండి అన్నాను. ఆయన నన్ను అదోలా చూసి, ఎండలో కూర్చున్నాడు.

రెండో బంతి సాగుతోంది. షామియానా అంచున వంటవాళ్ళు గారెలు వేస్తున్నారు. మూకుట్లో నూనె ఎక్కువ కాగిపోయి భగ్గున అంటుకుంది. మంట గుడ్డ అంచుదాకా లేచింది. ఎవరో మంట అని అరిచారు.

నేను ఏం చేశానో చెప్తాను. లేచి, చెప్పుల కుప్ప దగ్గరకి వెళ్ళి, నా ఎడంచెప్పు కోసం వంగాను. నా పక్కన ప్రెసిడెంటుగారు కూడా వంగి ఉన్నారు. మా వెనక మా వయసువాళ్ళందరూ ఒకరినొకరు తోసుకుంటూ, నాదంటే నాదని వెతుకుతున్నారు. ఎవరో నా మోచెయ్యి పట్టుకుని లాగారు. పల్లెపాలెం పిల్ల. పిల్లేంటి, మండపేటలో ఇంటరు చదువుతోంది, నా భుజం దాటి పెరిగింది.

"చెప్పులుంటాయి బాబాయ్. మీరు రండి."

అరవలేదు. మామూలుగా అంది. ఆవిడ అన్నట్టే.

వెళ్ళి కాలవగట్టు మీద నిలబడ్డాను. అప్పుడు చూశాను. ఆ ఏళ్ళలో ఆ బడిలో చదివిన కుర్రాళ్ళు, ఆడపిల్లలు, పెళ్ళయి చంకలో బిడ్డలున్నవాళ్ళు కూడా, మాకంటే ముందే అక్కడ ఉన్నారు. తోపులాట లేదు. అందరూ వట్టికాళ్ళతో, బురదలో, అలవాటుగా వరసలో నిలబడ్డారు. ఈల ఎవరూ ఊదలేదు.

వంటాయన మూకుడి మీద పెద్ద మూత బోర్లించాడు. మంట ఆరిపోయింది. గుడ్డ అంచు కాస్త నల్లబడింది. ప్రెసిడెంటుగారు చివరగా వచ్చారు, రెండు చెప్పులూ చేతిలో పట్టుకుని. అందరం ఆయన్నే చూస్తుంటే మెల్లగా కింద పెట్టేశారు.

వెళ్ళమని చెప్పేవారు లేక అలాగే నిలబడిపోయామనుకుంటాను. తర్వాత ఆ పల్లెపాలెం పిల్లే ముందు నడిచింది. వెనకాల అందరం మట్టికాళ్ళతో వెళ్ళి, విస్తళ్ళ ముందు మళ్ళీ కూర్చున్నాం. చెప్పులు ఎక్కడివక్కడే ఉన్నాయి.